పొద్దు పొడిచేటప్పటి లెక్క

మేష్ట్రు పోయారన్న మాట నాకు వల్లూరు సోలార్ పార్కు గేటు దగ్గర తెలిసింది. నేను స్కూటీ దిగుతుంటే సెక్యూరిటీ అన్న హాజరు పుస్తకం ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "మీ మేష్ట్రు లేరంటమ్మా. లేస్తానే గుండె పట్టుకున్న్యాడంట. పావగడ ఆస్పత్రి చేరకముందే అయిపోయినాదంట" అన్నాడు. పుస్తకం తీసుకుని సంతకం పెట్టాను. పైన ముందురోజు ఆయన పెట్టిన సంతకం ఉంది.

మేష్ట్రంటే బడి పంతులు కాదు. పావగడ బస్టాండు పక్కన, ఎరువుల అంగడి మీది గదిలో మాలాంటివాళ్ళకు కంప్యూటర్ నేర్పేవారు. సగం తెలుగు, సగం కన్నడం, తిట్లు మాత్రం అచ్చ తెలుగు. పార్కు వచ్చాక సర్వర్లు చూసుకోవడానికి ఆయన్ని కంట్రోల్ రూముకు పిలిచారు. ఆయన నన్నూ వెంటబెట్టుకొచ్చారు. అప్పటికే మా వేరుశనగ చేను ప్యానెళ్ళ కిందికి పోయింది. అమ్మ ఆ ప్యానెళ్ళు కడిగే పనిలో చేరింది. "మీ చేన్లోనే మీకు కూలి. మీ యమ్మ బయట, నువ్వు ఏసీలో. పెట్టి పుట్టినావు పో" అని నన్ను ఆటపట్టించేవారు.

ఆయన జేబులో ఎప్పుడూ వేయించిన చెనక్కాయలు ఉండేవి. గదిలోకి రాగానే ముందు తెర చూసేవారు కాదు. సర్వర్ వెనక్కి వెళ్ళి, వేడిగాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడేవారు. "గ్రాఫు అబద్ధం చెప్తాది గానీ చెయ్యి చెప్పదు" అనేవారు.

చేరిన కొత్తలో నాకు అప్పగించిన పెద్ద పని ఒక అంచనా. ఒక్క పెద్ద సర్వర్ లోపల పది కంప్యూటర్లున్నట్టు విడివిడిగా నడిపించవచ్చు. వాటినే వర్చువల్ మిషన్లంటారు. మా సర్వర్ ఎన్నింటిని మోయగలదో తేల్చి చెప్పాలి. నేను మూడు రోజులు కూర్చుని లెక్క వేశాను. మెమరీని బట్టి పదిహేను, ప్రాసెసర్‌ని బట్టి పదహారు వచ్చాయి. తక్కువది తీసుకుని పదిహేనని రాసి, కింద సంతకం పెట్టి గర్వంగా ఇచ్చాను.

ఆయన చెనక్కాయ ఒలుస్తూ చదివారు. "మెమరీ లెక్క సరిగ్గానే ఉండాది. అది పరుచుకున్న చాప. పండుకున్నోడు లేచేదాకా ఇంకొగనికి లేదు. ప్రాసెసర్ అట్ల కాదు, బోరు కాడ వంతు. ఈ ఆరు శాతం యాడ నుంచి తెచ్చినావు?"

"ఒక్కో మిషన్ వాడేదానికి సగటు సార్. రోజంతా చూసి తీసినాను."

"రాత్రి కూడా కలిపినావా?"

"కలిపినాను."

"రాత్రి ఈడ ఏం పని జరుగుతాదమ్మా? సూర్యుడు పండుకుంటే పార్కూ పండుకుంటాది. పండుకున్నోడు మోసే బరువు కూడా కలిపి సగటు తీస్తారా ఎవరన్నా?"

మర్నాడు చీకటితోనే రమ్మన్నారు. ఫ్లాస్కులో టీ తెచ్చి తెర ముందు కూర్చోబెట్టారు. తూరుపు ఎర్రబడగానే చేలల్లోని యంత్రాలన్నీ ఒక్కసారే మేలుకుని ఎంత కరెంటు తీస్తున్నాయో సర్వర్‌కు లెక్కలు పంపడం మొదలుపెట్టాయి. ఒక్కో మిషన్ వాడకం ఆరు దాటి, ఎనిమిది దాటి, పది శాతం దగ్గర ఆగింది. "పొద్దు అందరికీ ఒగేసారి పొడుస్తాది పాపా. వంతు మాట అప్పుడు చెల్లదు" అన్నారు మేష్ట్రు. పది మిషన్లతో సర్వర్ నిండిపోతుంది. ఊపిరాడడానికి రెండు తగ్గించి ఎనిమిదన్నారు. ఆయన మాట మీదే రెండో సర్వర్ తెప్పించారు. రెండింట్లో ఏడేసి నడుస్తున్నాయి.

ఆయన పట్టుదల యంత్రం మీద ప్రేమతో కాదు. ప్యానెళ్ళు కడిగేది కూడా ఆ వేళకే. మంచు పడిన ఉదయాల్లో ఏదో ఒక వరుసలో కరెంటు కారుతుంది. ఆ హెచ్చరిక పంపేది ఈ మిషన్లలో ఒకటి. సర్వర్ నిండిపోతే అది ఆలస్యమవుతుంది. "తడి బ్రష్ పట్టుకున్నోళ్ళకి ఆలస్యంగా చెప్పినా ఒగటే, చెప్పకపోయినా ఒగటే" అనేవారు.

నా కాగితం చింపేస్తానంటే ఒప్పుకోలేదు. "తప్పు లెక్క చింపొద్దు. పక్కన సరైంది రాయి." రాస్తాననే అన్నాను. సిగ్గేసి, రాయకుండానే ఫైల్లో అడుగున పెట్టేశాను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరూ కాగితం వెతకలేదు, ఆయన్నే అడిగేవారు.

ఆయన పోయిన ఐదో రోజు హెడ్ ఆఫీసు ఇంజనీరు వచ్చాడు. ఫైలు తీసి, నా కాగితాన్నే నా ముందు పెట్టాడు. "రెండో సర్వర్ వేరే చోటికి పంపుతున్నాం. పద్నాలుగూ ఒకదాంట్లోకి మార్చండి. పదిహేను పడతాయని మీరే రాశారుగా?"

నేను ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాను.

"అది తప్పు సార్. తప్పు నాదే. దిద్దమని మేష్ట్రు చెప్పినా దిద్దలేదు."

"సగటు గ్రాఫు చూశాను. సరిపోతుంది."

"మేష్ట్రుకి సరిపోలేదు సార్. రేపు పొద్దు పొడవకముందు వచ్చి చూడండి. మీరు చూసేదాకా నేను ఒక్క మిషన్ కూడా కదిలించను. నా ఉద్యోగం తీసేసినా సరే."

ఆ మాటన్నది నేనేనా అని నాకే అనిపించింది. ఆ ధైర్యం ఆయన పెట్టిన భిక్ష.

ఇంజనీరు విసుక్కుంటూనే వచ్చాడు. తూరుపు తెల్లబడింది. ఏడు మిషన్లున్న సర్వర్ వాడకం ఇరవై నుంచి నిలువుగా లేచి డెబ్భైకి చేరింది. "ఏడుకే డెబ్భై. పద్నాలుగంటే..." అని లెక్క కట్టాడు. కుర్చీలోంచి లేచి, "రెండోది ఇక్కడే ఉండనీండి. నేను రాసి పంపుతాను" అన్నాడు.

నేను పెన్ను తీసి పదిహేను పక్కన ఎనిమిది అని రాశాను. తర్వాత సర్వర్ వెనక్కి వెళ్ళి అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. కళ్ళు మసకబారాయి, తుడుచుకోలేదు.

అప్పుడే తెర మీద ఒక వరుస ఎర్రగా వెలిగింది. బయట సూపర్‌వైజర్ ఈల వేశాడు. కిటికీలోంచి చూస్తే, మా చేనుండిన చోట, అమ్మ ప్యానెల్‌కు ఆనించబోయిన బ్రష్ ఎత్తేసి వెనక్కి జరిగింది. బ్రష్‌లోంచి నీళ్ళు కారుతుండగా, ఎండలో అలాగే నిలబడి ప్రమాదం లేదని చెప్పే రెండో ఈల కోసం ఎదురుచూసింది.