దేవుని బియ్యం మీద కూర్చోని మనిషి

మా ఆయన కుడిచేతికి బొటనవేలు ఒక్కటే ఉండేది. మిగిలిన నాలుగు వేళ్లు పాలకుర్తి జాతరకు పోతూ పోగొట్టుకున్నాడు. అరవైల మొదట్లో సంగతి.

అప్పుడు మేము వరంగల్ కొత్తవాడలో ఉండేవాళ్లం. ఆయన జంపఖానాలు నేసేవాడు. నేనూ అత్తమ్మా నూలు చుట్టేవాళ్లం. ఆయన నాకు మేనబావే. మా నాన్నది వ్యవసాయం. ఏటా శివరాత్రికి మా పుట్టింటి ఊరి నుంచి పాలకుర్తి గుట్ట మీది దేవుడికి అన్నదానం బియ్యం పంపేవారు. బస్తాలకు పసుపు రాసి బొట్లు పెట్టాక వాటికి కాలు తగలకూడదు. బండ్లు కట్టినన్నాళ్లు ఇబ్బంది లేదు, జనం వెంట నడిచేవారు. ఆ ఏడు మొదటిసారి లారీ మాట్లాడారు. లారీ వెంట ఎవరు నడుస్తారు?

అత్తమ్మకు డ్రైవరు పక్కన చోటు ఇచ్చారు. ఆడవాళ్లం బస్తాల వెనక మిగిలిన కాస్త జాగాలో ఇరుక్కున్నాం. మగవాళ్లు లారీ బయట, అంచు మీద కాళ్లు ఆనించి, చెక్కలు పట్టుకుని వేలాడారు. మా ఆయన ఒక్కడే ఎక్కి బస్తాల మీద చతికిలబడ్డాడు. అత్తమ్మ లోపలికి ఎక్కుతూ అది చూసి మొహం చిట్లించింది.

“బావా, జర దిగు. ఊరంత చూస్తాంది” అన్నాను.

“చూడనియ్యి. దునియానంత మోసేటోడు నన్ను మొయ్యడా?”

“మావోళ్ల ముంగట నా ఇజ్జత్ తీస్తవా? దిగుతవా లేదా?”

“హుకుం అయింది, ఇంకేం జేస్త” అని నవ్వుతూ దిగి, కుడివైపు చెక్క మీద కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డాడు.

దారిలో రోడ్డు కింది మోరీ కూలి ఉంది. డ్రైవరు లారీని రోడ్డు దింపి, ఎండిన చెరువులోంచి పోనిచ్చాడు. అక్కడ దారి అంటూ లేదు. చక్రాలకు లేచిన దుమ్ములో ముందు ఏముందో కనిపించలేదు. ఎదురుగా మొరం మట్టి లారీ వచ్చింది. రెండూ తప్పించుకోబోయి పక్కలు రాసుకున్నాయి. చెక్కలు విరిగిన చప్పుడు, ఆ వెంటనే అరుపులు. ఒకతనికి తొడ ఎముక విరిగింది. మా ఆయన ఒంటిని పైకి లాక్కోగలిగాడు గాని, తాడు చుట్టుకున్న చెయ్యి రెండు లారీల మధ్య ఉండిపోయింది.

ఆ మొరం లారీలోనే వరంగల్ దవాఖానకు తీసుకొచ్చాం. నా కొంగు చింపి చేతికి చుట్టాను. దవాఖానకు చేరేసరికి ఆయన తెలివి తప్పాడు.

“వేళ్లు తియ్యాలమ్మా. లేకుంటే చెయ్యే పోతది” అన్నాడు డాక్టరు.

“నేసే చెయ్యి సారూ” అన్నాను. కాగితం ఒకటి ముందు పెట్టారు. అందులో ఏం రాసి ఉందో నాకు తెలియదు. వేలిముద్ర వేశాను.

మూడోనాడు ఆయన కట్టు వైపు చాలాసేపు చూశాడు. అత్తమ్మ నీళ్లకు పోయినప్పుడు మెల్లగా అన్నాడు.

“ఆ లారీ మీదికొచ్చినప్పుడు బస్తా మీద కాలు పెడితే లోపల పడుదును. పెడుదామనే అనుకున్న. నువ్వు చూస్తానవ్ గదా అని ఆగిన.”

మళ్లీ ఎన్నడూ ఆయన ఆ మాట ఎత్తలేదు.

జంపఖానా నేసేటప్పుడు అడ్డంగా వేసే పేక దారాన్ని ఇనుప పళ్ల పంజాతో కొట్టాలి. బరువైనది అది. బొటనవేలితో ఎవరు పట్టగలరు? నాలుగు నెలలు ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంది. తర్వాత నేనే పంజా పట్టాను. ఆయన పక్కన కూర్చుని ఎడమచేత్తో రంగు దారాలు అందించేవాడు. నా నేత వంకర పోయేది. విప్పి మళ్లీ నేసేదాన్ని.

ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ అత్తమ్మ ఒకటే చెప్పేది. “దేవుని బియ్యం మీద కూసున్నడు. నా కండ్లతోటి చూసిన. ఊకుంటడా దేవుడు?”

ఆయన దిగాడని, ముందు కూర్చున్న ఆమెకు తెలియదు. దింపింది నేనని అసలే తెలియదు. ఆయన మగ్గం దగ్గర నుంచే నవ్వి, “నాలుగు వేళ్లతోనే ఇడిసిపెట్టిండు తియ్యే అమ్మా” అనేవాడు.

నేను తలెత్తకుండా పంజా కొడుతూ ఉండేదాన్ని. అత్తమ్మ పోయేదాకా ఆ మాటే చెప్పింది. ఆయన పోయేదాకా అదే జవాబు ఇచ్చాడు. అరవై దాటాక నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఆయన దిగాడని ఇప్పుడు రాస్తున్నాను. చదివి వినిపించడానికి ఇద్దరూ లేరు.