రడ్డర్ ఎడమకి

విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో ఊడ్చేవాడి దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ ఆయన్ని 'బావగారూ' అనే పిలిచేవారు. నిజానికి అలా పిలిచే హక్కున్నవాడు అక్కడ ఒక్కడే, ఆయన భార్య తమ్ముడు. పొద్దస్తమానం చేతిలో టార్చిలైటు పట్టుకుని విమానాల పొట్టల్లోకి దూరి తనిఖీ చేస్తుంటాడు కనుక వాడికి టార్చి అని పేరు పడింది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు వాడు రోజంతా "బావా, బావా" అంటూ తిరుగుతుంటే మిగతావాళ్లూ అందుకున్నారు. తమాషా ఏమిటంటే, చివరికి హ్యాంగరంతా పిలుస్తూనే ఉంది, పిలవాల్సినవాడే మానేశాడు.

ఎంత మంచి రోజులవి! అన్నీ చిన్న విమానాలు. రెక్కల్నీ తోకనీ కదిలించే కేబుళ్లను ఒకరు బిగిస్తే, ఇంకొకరు చూసి సంతకం పెట్టాలన్నది నియమం. బిగించిన బావగారు కాక్‌పిట్‌లో కూర్చుని కిటికీలోంచి కేకేసేవారు. టార్చి తోక వెనక నిలబడి బదులు చెప్పేవాడు.

"స్టిక్ ఎడమకి!"

"ఎడమ ఎయిలరాన్ పైకి, కుడిది కిందికి బావా!"

"రడ్డర్ ఎడమకి!"

"ఎడమకే వచ్చింది బావా!"

స్టిక్ అంటే పైలట్ చేతికర్ర. ఎయిలరాన్లంటే అది వంచితే రెక్కల చివర ఆడే పలకలు. రడ్డర్ అంటే తోక మీద నిలువుగా ఉండే చుక్కాని, ఎడమకాలి పెడల్ నొక్కితే ఎడమకి తిరుగుతుంది. లోపలివాడు పిలవందే బయటివాడు నోరు మెదపకూడదు. ముందే పలికితే చూసి చెప్పినట్టు కాదు, ఊహించి చెప్పినట్టు. ఈ పాఠం వాడికి నేర్పింది బావగారే.

ఒకరోజు తోక మీద అడ్డంగా ఉండే ఎలివేటర్ పలక కేబుల్ బిగించి ఆయన చేతులు తుడుచుకుంటున్నారు. టార్చి తోకలో తల పెట్టినవాడు పెట్టినట్టే, "బావా! నట్టుకి స్ప్లిట్ పిన్ను లేదు!" అని హ్యాంగరంతా దద్దరిల్లేలా అరిచాడు. నట్టు ఊడిపోకుండా పట్టి ఉంచే బుల్లి పిన్ను అది. అది లేకపోతే గాల్లో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. వాడన్నది నిజం. నిజం కాబట్టే బావగారికి ఒళ్లు మండింది.

"నలుగురిలో నా పరువు తీశావు. చెవిలో చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"చెవిలో చెప్పే మాటా బావా అది?"

అంతే, ఆ రోజుతో మాటలు పోయాయి. ముందు వాడే వచ్చి మాట్లాడాలని బావగారి పంతం. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. వాడేమైనా తక్కువ తిన్నాడా? అక్క గుమ్మం తొక్కడమే మానేశాడు. మధ్యలో ఆవిడ అడకత్తెరలో పోకచెక్క అయింది.

"తెగేదాకా లాగకూడదని కేబుళ్లు బిగించేవాళ్లకి నేను చెప్పాలా?" అని తిడుతూనే రోజూ రెండు టిఫిన్ డబ్బాలు సర్దేది. ఒంటిగాడైన తమ్ముడికి వండిపెట్టేవాళ్లెవరు? బావగారు వాడి డబ్బా పనిబల్ల మీద పెట్టి చక్కా వెళ్లిపోయేవారు. సాయంత్రానికి కడిగిన డబ్బా అక్కడే ఉండేది. తనిఖీలు మాత్రం ఆగలేదు. ఆయన పిలిచేవారు, వాడు బదులు చెప్పేవాడు. "ఎడమ ఎయిలరాన్ పైకి, కుడిది కిందికి." చివర ఉండే 'బావా' ఒక్కటే ఊడిపోయింది. అది లేక ఆ మాటలు ఎంత బోసిగా ఉండేవో ఆయనకే తెలుసు.

అలా ఏళ్లు గడిచి బావగారి రిటైర్మెంటు రోజు వచ్చింది. చివరి తనిఖీకి సీట్లో కూర్చున్నాక గానీ ఆయనకి తట్టలేదు. రేపట్నుంచి ఈ నాలుగు ముక్కలు కూడా ఉండవు! ఒక్కొక్కటే నెమ్మదిగా పిలిచారు. అవసరం లేకపోయినా రడ్డర్ రెండుసార్లు తిప్పారు. వాడూ రెండుసార్లు చెప్పాడు. ఆ తర్వాత సంతకం పెట్టి తలొంచుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం అందరూ చేతులు పట్టుకుని వీడ్కోలు చెప్పారు కానీ వాడు రాలేదు. బల్ల మీద డబ్బా కూడా లేదు.

ఆదివారం ఉదయం ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పేపరు తిరగేస్తున్నారు.

"ఏవండీ, మా తమ్ముడొచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు" అంది ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి.

నిజమే. చేతిలో ఖాళీ డబ్బా పట్టుకుని, లోపలికి రాకుండా, వెనక్కి పోకుండా కిటికీ వైపే చూస్తున్నాడు.

"వచ్చినవాడు నోరు విప్పడేం?" అని గొణిగారు బావగారు. అంటూనే వాడు నిలబడ్డ తీరు చూశారు. కాళ్లు ఎడంగా పెట్టి, గడ్డం పైకెత్తి, అచ్చం తోక వెనక నిలబడ్డట్టే ఉన్నాడు. ఆయనకి సిగ్గనిపించింది. లోపలివాడు పిలవందే బయటివాడు ఎలా పలుకుతాడు? ఇన్నేళ్లూ సీట్లో కూర్చున్నది తనే కదా.

కిటికీ రెక్క తోశారు. 'తప్పు నాదేరా' అందామనుకుని, అంతలోనే మానుకున్నారు. ఎడమకాలు నేలకేసి గట్టిగా నొక్కారు.

"రడ్డర్ ఎడమకి!"

గేటు దగ్గర వాడి చేతిలో డబ్బా మూత గలగలమంది. తర్వాత వాడు వీధి వీధంతా వినపడేలా అరిచాడు.

"ఎడమకే వచ్చింది బావా!"

ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు బయటికి తొంగి చూశారు. బావగారికి పరువు సంగతి గుర్తుకే రాలేదు. చెప్పులైనా వేసుకోకుండా గేటు తీయడానికి పరిగెత్తారు.