నాన్నకు సమాధి లేదు

ఈ ఏడు ఈస్టరు నాడు, మోకాళ్లు వద్దంటున్నా వినకుండా, తెల్లవారకముందే ఆటో ఎక్కి విజయనగరంలో మా సంఘంవాళ్ల సమాధుల తోటకు వెళ్లాను. చాలా ఏళ్ల తర్వాత వెళ్లానేమో, ఎటు చూసినా నల్లరాయే కనిపించింది. నున్నగా మెరిసే పలకలు, వాటి మీద పోయినవాళ్ల రంగు ఫోటోలు, బతికున్నన్నాళ్లూ మొహం చిట్లించుకుని తిరిగిన పెద్దమనుషులు కూడా ఆ ఫోటోల్లో హాయిగా నవ్వుతున్నారు. పిల్లలు కొవ్వొత్తి వెలిగించి, దానితోపాటు తమ మొహాలూ ఫోన్లో పట్టుకుని, టిఫిను వేళకు ఇల్లు చేరాలని తొందరపడుతున్నారు. పక్క కుర్చీలో కూర్చున్న నా ఈడు ఆవిడ, మీ అమ్మానాన్నల సమాధులు ఎక్కడండీ అని అడిగింది. అమ్మది మా ఊళ్లో ఉందండీ, నాన్నకు లేదు అన్నాను. ఆవిడ అయ్యో అని, మిగతాది చెబుతానేమోనని నా వైపు చూసింది గానీ ఈలోగా పాట ఎత్తుకున్నారు. ఆవిడకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను.

మాది కళింగపట్నం దాటాక సముద్రం ఒడ్డునే ఉన్న పల్లె. ఊరంతా చేపల వేటకు వెళ్లేవాళ్లే, ఊరంతా గంగమ్మను కొలిచేవాళ్లే, ప్రభువును నమ్ముకున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మా నాన్న పెళ్లయిన కొత్తలో పెద్ద జబ్బు చేసి మిషను ఆసుపత్రిలో పడి ఉన్నాడట. అక్కడ విన్న మాటలు మనసుకు పట్టి, లేచి తిరగ్గలిగాక అమ్మా తనూ కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. నాయనమ్మ తీసుకోలేదు. అలాగని ఇంట్లో తగవులు పడిందీ లేదు. ఒక గూట్లో నాయనమ్మ పసుపు ముద్ద చేసి నిలబెట్టిన గంగమ్మ ఉండేది, దాని ఎదురు గోడకు నాన్న మేకు కొట్టి తగిలించిన చెక్క సిలువ ఉండేది, ఆ రెంటికీ మధ్య మేమందరం వరసగా చాపలు పరుచుకుని పడుకునేవాళ్లం. నాయనమ్మకు కొడుకును ఆటపట్టించనిదే ముద్ద దిగేది కాదు.

"మీ దేవుడు గూడా సేపలు పట్టినోల్నే ఏరుకున్నాడంట గదరా, తెలివైనోడే!" అనేది.

నాన్న పకపకా నవ్వి, పులుసులోని పెద్ద ముక్క తీసి ఆవిడ కంచంలో వేసేవాడు. ఆ పులుసు రుచి గురించి మొదలుపెడితే ఇంకో పది పేజీలు కావాలి గనక ఊరుకుంటున్నాను. ఇప్పుడు ఐసుపెట్టెల్లోంచి తెచ్చి వండుతున్న చేపలకు ఆ రుచి ఎక్కడిది.

నాకు పదేళ్లు నిండాయో లేదో, ఒక వానాకాలం చివర, వాయుగుండం కబురు మా పల్లెకు ఆలస్యంగా చేరింది. తోడు వెళ్లవలసిన చిన్నాన్నకు జ్వరం తగలడంతో ఆ రోజు నాన్న ఒక్కడే తెప్ప వేసుకుని వెళ్లాడు. మిగిలినవాళ్లు చావు తప్పి ఎలాగో ఒడ్డున పడ్డారు. నాన్న తెప్ప దుంగలు వంశధార సముద్రంలో కలిసే చోట దొరికాయి. నాన్న దొరకలేదు. ఊరు ఊరంతా ఒడ్డు వెంబడి రోజుల తరబడి వెతికింది. నాయనమ్మ కొట్టుకొచ్చిన ప్రతి కట్టె ముక్కనూ తిరగేసి చూసింది.

సముద్రం మింగినవాడికి మా పల్లెలో ఒక పద్ధతి ఉంది. గడ్డితో మనిషి బొమ్మ కట్టి, అతను తొడిగిన చొక్కా దానికి తొడిగి, ఒడ్డున దహనం చేసి, పిండం పెడతారు. అది జరక్కపోతే ఆ మనిషి దాహంతో నీళ్ల మీద తిరుగుతూనే ఉంటాడని వాళ్ల నమ్మకం. నాన్న వేటకు వెళ్లినప్పుడు గోచీయే కదా, ఆయన తొడిగింది అనదగ్గ మంచి చొక్కా ఒక్కటే, ఆదివారం ఆరాధనకు తొడుక్కునేది. దాని కోసం చిన్నాన్న వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునే మా అమ్మ, ఆ చొక్కాను రేకుపెట్టెలో పెట్టి, పెట్టె మీద కూర్చుంది. ఆయన ప్రభువు బిడ్డగా బాప్తిస్మం నీళ్లలో మునిగి లేచిన మనిషి, మీరు గడ్డిబొమ్మ చేసి కాలిస్తే ఆయన నమ్మిందంతా ఆ మంటలోనే పోయినట్టు, ఇవ్వను అంది. చిన్నాన్న కాసేపు అరిచి, తర్వాత ఏడ్చి వెళ్లిపోయాడు. అప్పుడు నాయనమ్మ వచ్చి కోడలి కాళ్ల దగ్గర కూలబడింది.

"నీకు మొగుడేనే, నాకు కడుపున పుట్టినోడు. ఆడికి దాహమేస్తాదే, ఇచ్చీయే," అంది.

అమ్మ ఏడుస్తూనే ఉంది గానీ పెట్టె మీంచి లేవలేదు. ఆ సాయంత్రమే నాయనమ్మ పసుపు ముద్దను కొంగున కట్టుకుని చిన్నాన్న ఇంటికి వెళ్లిపోయింది. ఇక మా గడప తొక్కలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, ఆ ఇంటి మాట ఈ ఇంటికీ ఈ ఇంటి మాట ఆ ఇంటికీ మోసేవాళ్లకు మాత్రం చాన్నాళ్లు చేతినిండా పని దొరికింది.

అమ్మ తప్పు చేసిందని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. పాస్టరుగారు నరసన్నపేట వైపు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, చావు జరిగిన ఇంట్లో చేసే ఆదరణ కూడిక పెట్టారు. ప్రభువు వచ్చే రోజున తనను నమ్మినవాళ్లను లేపుతాడని, సముద్రం కూడా తాను దాచుకున్నవాళ్లను తిరిగి ఇవ్వక తప్పదని ఆయన చెప్పిన మాటను అమ్మ రెండు చేతులా పట్టుకుంది. ఊరి ఆడవాళ్లు గాజులు పగలగొట్టడానికి వస్తే పాస్టరమ్మగారు అమ్మ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కొన్నాళ్లకే అమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ల మీద పడింది. మొగుడు పోయిన దుఃఖమే లేదని కొందరు బుగ్గలు నొక్కుకున్నారు. సాయంకాలం ఇంటికొచ్చి సముద్రం వైపు తిరిగి ప్రార్థన చేసుకునేటప్పుడు ఆవిడ మొహం నేను చూశాను గనక చెబుతున్నాను, ఆ నమ్మకమే లేకపోతే మా అమ్మ ఆ నీళ్లలోకే నడిచి వెళ్లిపోయేది. నేనూ తమ్ముడూ చదువుకున్నామన్నా, నేను నర్సునై నాలుగు డబ్బులు సంపాదించానన్నా, ఆ నమ్మకం పెట్టిన తిండే.

మరుసటి ఏడు ఈస్టరు వచ్చింది. ఆ రోజుల్లో మా సంఘానికి సరుగుడు తోట వెనక ఇసుకలో కాస్త జాగా ఉండేది, గోడా లేదు గుమ్మమూ లేదు. పండుగ ముందు రోజు ఇళ్లలో గుల్లసున్నం నానబెట్టి, అందులో చిటికెడు నీలిమందు కలిపి, ఈతమట్ట చివర చితక్కొట్టి కుంచె చేసుకుని, వేకువనే వెళ్లి ఎవరి సమాధికి వాళ్లు తెల్లగా సున్నం వేసుకునేవాళ్లు. చీకటి విడిపోతుంటే ఆ ఇసుకలో ఒక్కొక్కటే తెల్లగా బయటపడేది. ఆ పని చేయడానికి మాకు సమాధి లేదు. అమ్మ మా ఇద్దరినీ చెరోపక్క నిలబెట్టుకుని ఒక వారన పాడుతోంది.

సరుగుడు చెట్ల మధ్య నుంచి నాయనమ్మ వచ్చింది. చేతిలో సున్నం ముంత, కుంచె. క్రైస్తవులు ఆ రోజున తమవాళ్ల సమాధులకు సున్నం వేస్తారని ఎవరో చెప్పి ఉంటారు. బొమ్మను కాల్చనివ్వలేదు గనక కోడలు ఆ చొక్కానైనా మట్టిలో పెట్టే ఉంటుంది, తన కొడుక్కి ఇక్కడ ఏదో ఒక దిబ్బ ఉండే ఉంటుందని ఆవిడ అనుకుంది. అన్ని సమాధులూ ఒకసారి చూసి, నా కొడుకుది ఏదే అని అడిగింది.

"ఆయన ఇక్కడ లేడత్తా. ఆ దినాన లేసి వస్తాడు," అంది అమ్మ. నిజంగా ఓదార్పు అనుకునే చెప్పింది.

నాయనమ్మ ముంతతోనే అమ్మ ఎదుటికి వచ్చింది.

"కాల్సనిచ్చినావు కాదు. ఇక్కడ సూత్తే ఇక్కడా లేడంతన్నావు. మరి నానెక్కడ కూకుని ఏడవాలే?"

పాడేవాళ్లు పాట ఆపేశారు. నాయనమ్మ చుట్టూ చూసి, ఎవరూ సున్నం వెయ్యని చిన్న దిబ్బ దగ్గరకు వెళ్లి కూర్చుంది. ఎప్పుడో మా ఊళ్లో కొన్నాళ్లుండి వెళ్లిపోయిన ఒక సువార్తికుడి చంటిబిడ్డది అది, చూసుకునే దిక్కు లేదు. ఆవిడ దాని మీద గడ్డి పీకి, ఇసుక దులిపి, ముంతలో సున్నం అయిపోయేదాకా వేసి, దాని మీద తల పెట్టుకుని కొడుకును పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది గానీ అక్కడికి కదల్లేదు. అమ్మ ఆవిడ పక్కకు వెళ్లి కూర్చుంటే ఏమయ్యేది, ఏ బైబిలు వాక్యం అడ్డం వచ్చేది అని ఈ వయసులో కూడా అనిపిస్తూ ఉంటుంది.

ఓపిక ఉన్నన్నాళ్లూ నాయనమ్మ ప్రతి ఈస్టరుకూ వచ్చి ఆ బిడ్డ దిబ్బకే సున్నం వేసి వెళ్లేది. అత్తాకోడళ్లు మాట్లాడుకోలేదు. ఆవిడ పోయినప్పుడు ఒడ్డున దహనం చేసి బూడిద సముద్రంలో కలిపారు. సంఘంలో ఎవరేమంటారోనని అమ్మ సరుగుడు చెట్ల దగ్గరే నిలబడి చూసింది. ఆ తర్వాతి ఈస్టరుకు మా ఇంట్లో మొదటిసారి సున్నం నానింది. అమ్మ తీసుకువెళ్లి ఆ చంటిబిడ్డ దిబ్బకు వేసి, చాలాసేపు అక్కడే కూర్చుంది. నేను సెలవు పెట్టి వెళ్లాను గనక చూశాను. ఇంటికి వస్తూ దారిలో తనంతట తనే అంది.

"ఆ సొక్కా ముసిల్దానికి ఇచ్చీవలిసిందే. సొక్కా కాల్చీసినంత మాత్రాన పెబువు ఆయన్ని పోల్సుకోలేడేటి?"

ఇప్పుడు మా ఊరి సమాధుల తోటకు ప్రహరీ గోడ కట్టారు, గేటు పెట్టారు, తాళం వేస్తున్నారు. గోడ కట్టేటప్పుడు ఎవరివో తెలియని దిబ్బలు చదును చేశారని తమ్ముడు చెప్పాడు. వాళ్లను తప్పుపట్టను, పశువులు పడుతున్నాయి, జాగా సరిపోవడం లేదు. అటువైపు గుళ్లకూ గోడలు లేచాయి, ఇటువైపు మైకులు పెరిగాయి, ఎవరి నమ్మకం వాళ్లకు చాలా గట్టిగా ఉంది. ఒకే గదిలో సిలువకూ పసుపు ముద్దకూ మధ్య చాపలు పరుచుకుని నిద్రపోయామంటే నా మనవలు నేను కథ చెబుతున్నానని అనుకుంటారు.

నాన్నను చూస్తానన్న నమ్మకం నాకూ ఉంది. అది అమ్మ ఇచ్చింది, పోలేదు, పోదు కూడా. కానీ ఆ రోజున నాన్న నీళ్లలోంచి లేచి వచ్చి, మమ్మల్నందరినీ చూసి, మొదటగా వాళ్ల అమ్మ ఏదని అడిగితే, ఆయనకు ఏమని చెప్పాలో నాకు తెలియడం లేదు.