మోతీని అమ్మించిన నా తెలివి

నా తెలివి వల్ల పంజాగుట్ట దారిలో ఒక జట్కా బోల్తాపడింది, ఎక్కినామె వంకాయలు దారి పొడవునా దొర్లాయి, మా తాత బతుకుతెరువు పోయింది. వినండి, నవ్వుకోండి. నేను మాత్రం సగం దాకానే నవ్వగలను.

తాత అమీర్‌పేట నుంచి ఖైరతాబాద్ స్టేషనుకు జట్కా తోలేవాడు. గుర్రం పేరు మోతీ. ఎదురుగా ఎడ్లబండి వస్తే, అత్తగారిని చూసిన కొత్త కోడలిలా పక్కకు ఒదిగేది. మలుపు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, అప్పుడు కదిలేది.

"తాతా, దీనికి కండ్లు కనబడ్తలేవు. గందుకే ఆగుకుంట పోతది. వయసు గుర్రాన్ని తే."

"అది మంచిగనే ఉన్నదే."

"ఎన్నడో ఒకనాడు బోర్ల పడేస్తది!"

తాత మోతీ మెడ నిమురుతూ మాట మార్చాడు. నేను ఊరుకుంటానా? అన్నం వడ్డిస్తూ అదే పోరు. చివరికి మోతీని బల్కంపేటలో జట్కా తోలే ఖాసిం భాయ్‌కి అమ్మేసి, కొత్త గుర్రాన్ని తెచ్చాడు.

మొదటిరోజే దర్జాగా తాత పక్కన కూర్చున్నాను. వెనక వంకాయల గంపతో ఒకామె ఎక్కింది. పంజాగుట్ట దిగుతుంటే ఎదురుగా రాళ్ళబండి.

"తాతా, బండి!"

"ఏ దిక్కు?"

"ఎదురుంగనే! కనబడ్తలేదా?"

"ఏ దిక్కో చెప్పు పిల్లా!"

కొత్త గుర్రం మహా వినయం గలది. కళ్ళెం ఎటు లాగితే అటే పోయింది. తాత లాగింది కాలవ వైపు.

వంకాయల మధ్య కూర్చుని తాత నా ముఖం తడిమాడు. నుదుటి రక్తం వేళ్ళకు అంటాక గానీ ఆయనకు దెబ్బ సంగతి తెలియలేదు.

"ఎప్పటిసంది తాతా?"

"మస్తు రోజులాయె. మోతీకి ఎరుకే. దాని కండ్లతోనే నడిచింది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తోలనిస్తవా?"

మోతీని తిరిగి తెస్తానని ఏడ్చాను.

"వద్దు బిడ్డా. నీకు నుదురు పగిలింది. రేపు ఇంకెవరి పిల్లకన్న పాణం పోతే?" అని తాత జట్కా అమ్మేశాడు.

కొన్నాళ్ళకు ఖాసిం భాయ్ జట్కా మా గుమ్మం ముందు ఆగింది. కొడితే కదలదు, బతిమాలితే కదలదు.

"తాతా, జర వచ్చి ఎక్కు! నువ్వు ఎక్కంది మీ మోతీ నడుస్తలేదు!" అని కేకేశాడు ఖాసిం భాయ్.

తాత గోడ పట్టుకుని వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వెనక కూర్చున్నాడు. మోతీ వెంటనే కదిలింది.

"ఫికర్ చెయ్యకు తాతా, తోలేది నేనే," అన్నాడు ఖాసిం భాయ్.

"నేను సుత గట్లనే అనుకున్న భాయ్, గిన్నేండ్లు."

నవ్వుతూ తాత నాకు చెయ్యి ఊపాడు, నేను లేని వైపుకు.

ఆ దేవుని మీద ఒట్టు, ఈ జన్మలో ఇక ఏ గుర్రానికీ కంటి పరీక్ష చేయను.