చిన్నాయన వంట పాళీ

మా చిన్నాయన పోయాడు. పోయిన బుధవారం పొద్దున హుస్నాబాద్ దవాఖానలో "జర చాయ్ తాపుండ్రి" అన్నాడు. చాయ్ వచ్చేసరికి మనిషి లేడు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. ఆయన గురించి మంచే రాస్తాను. ఆయనతో ఒకే విమానంలో దుబాయి పోయిన మా ఊరి ఐదుగురి గురించి ఆ హామీ ఇవ్వలేను.

క్యాంపులో గదికి ఆరుగురు. రోజుకొకరిది వంట పాళీ. చిన్నాయన వంతు వచ్చినరోజు వాళ్లలో ఒకడు ఎంతో ప్రేమగా అన్నాడట: "నీకెందుకు తమ్మీ గీ తిప్పలు? నీ పాళీ మేం జేస్తం తియ్." రెండోవారమూ అదే ప్రేమ. మాది మాదిగవాడ. సముద్రం దాటాడు కానీ వాళ్ల పొయ్యి దగ్గరికి చేరలేకపోయాడు.

"పాస్‌పోర్టుల వాడ పేరు రాయరు కొడుకా. అయినా నాకన్న ముందే దిగింది" అనేవాడు.

మూడోవారం పరుపు చుట్టుకుని పక్కనున్న సూడాన్ వాళ్ల గదికి పోయాడు. "నల్లోళ్లల్ల కలిసిండు" అని మనవాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఆ నల్లవాళ్లు తొలిరోజే గరిటె చేతికిచ్చారు. పచ్చిపులుసు చేస్తే, కారానికి కళ్లు తుడుచుకుంటూ గిన్నె ఊడ్చారట. ఉన్నన్నేళ్లూ శుక్రవారం పాళీ ఆయనదే. ఇంటికొచ్చాక కూడా శుక్రవారం చిన్నమ్మను పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

తిరిగొచ్చిన ఆ ఐదుగురికి చాయ్ హోటల్లో చెప్పుకోవడానికి ఒకటే కథ: సూపర్‌వైజర్ తమను పశువుల్లా చూశాడని, రంగుచూసి బస్సులో వెనక్కి తోశాడని. నిజమే, తోశాడు. దానిమీద నేనే వ్యాసాలు రాశాను. వాటిని వాళ్లు కత్తిరించి దాచుకున్నారు కూడా! చిన్నాయన ఒకసారి వాళ్ల ముందే అడిగాడు: "గాయన తోసినందుకు మీకు మండుతుంది గదనే అన్నా. మరి నాకు మండదా?"

మూడోరోజు, శుక్రవారం, పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, గోడమీద పెట్టి, కాకి ముట్టేదాకా చూడటం మా దగ్గరి ఆనవాయితీ. ఐదుగురూ పెద్ద దండతో దిగారు. "మా రూమోడు" అని కండువాలతో కళ్లొత్తుకున్నారు. "భోజనాలు మా ఇంటికాడ పెట్టిస్తం" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"వద్దు పటేలా" అంది చిన్నమ్మ, పచ్చిపులుసు గిన్నె తెచ్చి వాకిట్లో దించుతూ. "ఇయ్యాల ఆయన పాళీ. తినిపోండ్రి."

విస్తర్లు నేనే వేశాను. వేసి, వీధి గడపలో కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఒకాయనకు షుగర్ గుర్తొచ్చింది. ఒకాయనకు ఒక్కపొద్దు గుర్తొచ్చింది. ఇంకొకాయన మోగని ఫోను ఎత్తాడు. "అన్నం సల్లారుతుంది, తినుండ్రి" అన్నాను. వాళ్ల చెమట చూస్తుంటే నాకు జాలి కలగలేదు. ఇప్పుడూ లేదు. పేర్లు రాయకపోవడం దయ అనుకోవద్దు, ఊరికి తెలుసు.

చివరికి నన్ను తోసుకునే వెళ్లారు.

కాకి గోడమీది ముద్ద ముట్టింది. చిన్నమ్మ దండం పెట్టింది. ఐదు విస్తర్లలో పులుసు అన్నంలోకి ఇంకుతోంది, పైన నువ్వులు, ఉల్లిముక్కలు. కాకి కిందికి దిగి, మొదటి విస్తరి దగ్గరికి నడిచింది.