చప్పుడు ఆగేవరకు కాచిన ఆముదం

1964 జూన్ చివరి వారంలో, ఆదిలాబాద్ జిల్లా మంచిర్యాల దగ్గరి ఒక బొగ్గుగనికి నాలుగు రోజుల పనిమీద వెళ్లమని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను కలకత్తాలో పేటెంట్ ఎగ్జామినర్‌ను, రసాయన విభాగంలో. మా ఉద్యోగంలో ప్రయాణాలు ఉండవు. ఎగ్జామినర్ చూసేది కాగితాన్నే కాని వస్తువును కాదు. ఎవరో ఏదో కనిపెట్టానని దరఖాస్తు పెడతారు. దానితోపాటు ‘స్పెసిఫికేషన్’ ఇస్తారు. ఆ పనిని మరొకడు చదివి చేసుకోగలిగేట్టు రాసిన వివరణ అది. దాని చివర, ఇంతవరకు నాది అని హద్దురాళ్లు పాతినట్టు ‘క్లెయిములు’ ఉంటాయి. అది నిజంగా కొత్తదా, వివరణ సరిపోతుందా అని చూసి అభ్యంతరాలు రాయడం నా పని. అభ్యంతరాలు రాయడంలో నాకు మంచి పేరే ఉండేది. ఆ పేరు చూసుకుని కొంత మిడిసిపడేవాణ్ణి కూడా.

ఆ ఫైలు జిగురుది. దరఖాస్తుదారు పేరు ఓదెలు. గనిలో బొగ్గు మోసే రబ్బరు బెల్టులు తెగితే అతికించే షెడ్డులో మేస్త్రీ. అతుకు వేయడానికి విదేశం నుంచి రెండు డబ్బాల జిగురు వచ్చేది. ఒకటి బంక, ఇంకొకటి దాన్ని గట్టిపరిచే మందు. బంక డబ్బాలు ఎప్పుడూ ముందే అయిపోయేవి, మందు డబ్బాలు మిగిలిపోయేవి. ఓదెలు ఆ మందును ఆముదంలో కలిపి చూశాడు. ఒక రోజు ఆరబెడితే అది రబ్బరును పట్టుకుని వదలలేదు. రసాయనశాస్త్రంలో దీన్ని పాలీయూరిథేన్ అంటారు. ఆ పేరు ఓదెలుకు తెలియదు. అతను చదివింది నిజాం కాలపు ఉర్దూ బడిలో, ఏడో తరగతి దాకా. గని ఇంజనీరు దయగల మనిషి, స్పెసిఫికేషన్‌ను ఇంగ్లీషులో రాసిపెట్టాడు.

మా సీనియర్ ఎగ్జామినర్ ఒక బెంగాలీ పెద్దమనిషి. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ఆయన నన్ను పిలిచి రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టారు. ఒకటి ఓదెలుది. రెండవది ఒక విదేశీ కంపెనీది, ఓదెలు దరఖాస్తు తర్వాత ఐదు నెలలకు వచ్చింది. అదీ ఆముదం జిగురే. కాని అందులో, మామూలు ఆముదంలో మందు కలిపితే నురగ వచ్చి అతుకు ఊడిపోతుందనీ, అందుకే తాము ఆముదంలోని తేమను యంత్రంతో పూర్తిగా తీసేస్తామనీ రాసి ఉంది. ఓదెలు ఫైలులో తేమ ఊసే లేదు. ఆముదం ఇన్ని పాళ్లు, మందు ఇన్ని పాళ్లు, అంతే.

“ఇద్దరిలో ఒకరు చెప్పేది తప్పు. మీది ఆ ప్రాంతమే కదా, వెళ్లి కళ్లతో చూసి రండి” అన్నారాయన.

మాది సుల్తానాబాద్. గోదావరి దాటితే మంచిర్యాల. అయినా నాకు ఆ ప్రయాణం ఇష్టం లేకపోయింది. ఉత్తర్వులో మూడు షరతులున్నాయి. దరఖాస్తుదారు ఇంట మంచినీళ్లు కూడా తాగరాదు. అతనికి ఏ సలహా ఇవ్వరాదు. రెండవ దరఖాస్తు ఉన్నదన్న సంగతి పొరపాటున కూడా నోటినుంచి రారాదు, ఎందుకంటే అంగీకరించని దరఖాస్తు గోప్యం. ఇవి చాలక గడువొకటి. చట్టం ఇచ్చిన కాలంలోగా అంగీకారం కాకపోతే దరఖాస్తు దానంతటదే రద్దవుతుంది. ఓదెలు గడువు జూలై నెలాఖరుకు తీరిపోతుంది. పొడిగింపు అప్పటికే వాడేసుకున్నాడు.

నాగ్‌పూర్ మీదుగా మంచిర్యాలలో దిగేసరికి వాన పట్టింది. ఓదెలు స్టేషనుకు వస్తానన్నాడట, ఇంజనీరు వద్దన్నాడు. షెడ్డులోనే చూశాను. నాకంటే నాలుగైదేళ్లు చిన్న, సన్నగా ఉన్నాడు, వేళ్ల చివరలు రబ్బరుతో నల్లబడి ఉన్నాయి. పరీక్ష ఎలా జరగాలో నేనే చెప్పాను. స్పెసిఫికేషన్‌లో ‘ఆముదం’ అని మాత్రమే ఉంది కనుక, చదివినవాడు ఎవడైనా బజారుకు వెళ్లి ఆముదం కొనుక్కుంటాడు. నేనూ అదే చేశాను. మంచిర్యాల బజారులో ఆముదం ఒక డబ్బా కొని, నా చేతులతో మూత తీసి అతని ముందు పెట్టాను.

అతను డబ్బా వంక ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. ఆఫీసరు తెచ్చిందాన్ని కాదనడం ఎలాగో తెలియక అనలేదని తర్వాత అర్థమైంది. కొలిచాడు, కలిపాడు, రెండు బెల్టు ముక్కలకు పూసి బిగించాడు. గంట తిరక్కుండానే అంచుల వెంబడి బుడగలు పుట్టాయి. పులిసిన అట్లపిండిలా పొంగి బయటికి వచ్చింది జిగురు. మర్నాడు బిగింపు విప్పి చేత్తో లాగితే, అరిటాకు చీలినట్టు రెండు ముక్కలూ విడిపోయాయి.

ఓదెలు ముఖంలో నెత్తురు లేదు. “గిట్లెప్పుడు కాలే సారూ. రెండేండ్ల నుంచి ఏస్తున్న, ఒక్కపారి సుత గిట్ల కాలే” అన్నాడు. అతను వేసిన అతుకులు ఆ గనిలో అప్పటికీ బొగ్గు మోస్తూనే ఉన్నాయని ఇంజనీరు పక్కనుంచి చెప్పాడు. నేను నోటు పుస్తకంలో ‘విఫలం’ అని రాసుకున్నాను. మరొకడు చదివి చేయలేని వివరణకు పేటెంట్ ఉండదు. నియమం అంత సూటిగా ఉంటుంది.

అతను వాడే ఆముదం ఎక్కడిదని అడిగాను. ఇంటిదే అన్నాడు. చూడాలన్నాను. కార్మికుల క్వార్టర్లలో రెండు గదుల ఇల్లు. అతని తల్లి రాజవ్వ వాకిట్లో పీట వేసి, ఇత్తడి గిలాసలో చాయ్ తెచ్చింది. నేను వద్దన్నాను. ఆమె గిలాస పట్టుకుని అలాగే నిలబడింది.

“మా ఇంట్ల తాగరా ఏంది?” అంది.

ఆ మాటకు అర్థం నాకు తెలియనిది కాదు. మా ఊళ్లో ఎవరి ఇంట ఎవరు తాగరో చిన్నప్పటినుంచి చూసినవాణ్ణే. సిగ్గుతో చచ్చినంత పనైంది. “అట్ల కాదవ్వా, సర్కారు రూలు” అన్నాను. ఆమె నమ్మలేదు. గిలాస లోపలికి తీసుకుపోయింది.

కొడుకు నా డబ్బాలోని ఆముదం కొంచెం చిన్న సీసాలో పోసి వెంట తెచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది, వేలికి రాసుకుంది, పొయ్యిమీది మూకుడులో రెండు చుక్కలు వేసింది. చిటపటలాడింది.

“గిది కాగలే. నీళ్లున్నయి దీంట్ల. గింజలు ఏంచి, దంచి, నీళ్లల్ల ఉడకవెట్టి, పైకి తేలింది తీస్తం గదా. తీసినంక మల్ల కాగవెట్టాలె. సప్పుడు బందయ్యేదాక దించొద్దు. సప్పుడున్న ఆముదం పోరలకు పోస్తమా, దీపంల పోస్తమా?”

నేను చదివిన రసాయనశాస్త్రమంతా ఆ మూకుడులో ఉంది. గట్టిపరిచే మందు ఆముదంతో కలవకముందే నీటితో కలుస్తుంది. కలిస్తే గాలి పుడుతుంది. ఆ గాలే బుడగలు. కంపెనీ యంత్రం పెట్టి చేసే పనిని ఈమె చెవితో చేస్తోంది.

ఆమె కాచిన ఆముదంతో ఆ మధ్యాహ్నమే మళ్లీ అతుకు వేయించాను. మర్నాడు షెడ్డు దూలానికి వేలాడదీసి బరువులు ఎక్కించారు. ఒక్కో బరువు ఎక్కినప్పుడల్లా ఓదెలు కళ్లు మూసుకునేవాడు. చివరికి బెల్టు తెగింది. తెగింది అతుకు దగ్గర కాదు, దానికి జానెడు పైన, రబ్బరే చిరిగింది.

షెడ్డులోవాళ్లు సంతోషించారు. నా కష్టం అక్కడే మొదలైంది. జిగురు పనిచేస్తుంది, కాని కాగితం మీద ఉన్నది పనిచేయదు. దరఖాస్తు పెట్టిన తర్వాత స్పెసిఫికేషన్‌లో కొత్త విషయం చేర్చనివ్వరు. ఈ కాచడమన్నది ఇప్పుడు చేరిస్తే కొత్త విషయమే అవుతుంది.

“ఈ సంగతి మీరు కాగితంలో ఎందుకు రాయలేదు?” అన్నాను. నా గొంతులో విసుగు ఉంది, ఒప్పుకుంటాను.

ఓదెలు తెల్లబోయాడు. “రాస్తిమి గద సారూ! మా అవ్వ చెప్పింది చెప్పినట్టు ఇంజనీర్ సాబు రాసిండు. మీ ఆఫీసోళ్లే తీసెయ్యుమన్నరు. ఇంటి ముచ్చట్లు రాయొద్దని చిట్టి వచ్చింది. తీసేస్తిమి.”

నాకు వెంటనే గుర్తు రాలేదు. గుర్తొచ్చాక నోటు పుస్తకం మూసేశాను. మా ఆఫీసు ఉత్తరాలు ఆఫీసు అధిపతి అయిన కంట్రోలర్ పేరున వెళతాయి. రాసిన ఎగ్జామినర్ పేరు దరఖాస్తుదారుకు తెలియదు. ఎదురుగా కూర్చున్నవాడే ఆ చిట్టీ రాశాడని ఓదెలుకు తెలియదు.

“ఫికర్ లేదు సారూ. అంత పరేషానైతే మల్ల కొత్తగ రాసిస్త. కాయితమే గద?” అన్నాడు, నన్నే ఓదారుస్తున్నట్టు.

కొత్తగా పెడితే కొత్త తేదీ పడుతుంది. ఐదు నెలల ముందున్నవాడు కంపెనీ వెనక్కి పోతాడు. అతను కనిపెట్టింది అతనిది కాకుండా పోతుంది. ఆ ముక్క చెప్పడానికి నాకు అధికారం లేదు. అలా చేయవద్దు అన్నా అది సలహానే. “నేను మీకేమీ చెప్పకూడదు ఓదెలూ. జూలై నెలాఖరు దాకా ఏమీ చేయకండి అని కూడా చెప్పకూడదు” అన్నాను. అతను మెల్లగా తల ఊపాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను నియమాన్ని వంచింది ఆ ఒక్క వాక్యంలోనే.

కలకత్తా చేరగానే ఫైలు అడుగున ఉన్న పాత పుటలు తీశాను. సవరించిన పుటలు వచ్చినప్పుడు పాతవి కింద కుట్టేస్తాం. అక్కడ ఉంది: గింజలు వేయించడం, దంచడం, ఉడికించడం, ‘చప్పుడు ఆగేవరకు’ మళ్లీ కాచడం. ఆ నాలుగు పంక్తుల పక్కన పెన్సిలుతో గీత, దాని పక్కన ‘అనవసర గృహ వివరాలు, తొలగించాలి’ అని నా దస్తూరి.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. మా అమ్మ సుల్తానాబాద్‌లో నా చిన్నతనమంతా అలాగే ఆముదం కాచింది. ఆ చిటపట నాకు తెలుసు. తెలుసు కాబట్టే తీసేయమన్నాను. మా వంటింట్లో జరిగేది విజ్ఞానం కాగలదన్న ఆలోచన నాకు రాలేదు. కలకత్తాలో పుట్టినవాడెవడైనా ఆ ఫైలు చూసి ఉంటే, ఇదేమిటని అడిగి ఉండేవాడు.

మా సీనియర్ ఎగ్జామినర్‌కు అంతా చెప్పాను. ఆయన పాత పుట చదివి, నా గీత చూసి, కళ్లజోడు తీశారు. రెండు దారులున్నాయన్నారు. దరఖాస్తుదారే ఇప్పుడు వివరణగా చేర్చినట్టు రాస్తే నా తప్పు బయటపడదు. కాని రేపు కంపెనీ అభ్యంతరం పెట్టినప్పుడు అది కొత్త విషయమని కొట్టేస్తారు. మొదటి రోజునుంచే ఉన్నదనీ, తప్పుడు అభ్యంతరం వల్ల తొలగిందనీ రికార్డులో రాస్తే అతని తేదీ నిలుస్తుంది. “రాసినవారి పేరుతో సహా” అన్నారు.

ఆ సంవత్సరం నా పేరు ప్రమోషన్ జాబితాలో ఉంది. అబద్ధం చెప్పను, ఒక పూట ఆలోచించాను. తర్వాత రాసి సంతకం పెట్టాను. జూలై ఇరవై తొమ్మిదిన పాత పంక్తులు తిరిగి చేరాయి. ముప్పైన అంగీకారం అయింది. జాబితాలోంచి నా పేరు పోయింది. మళ్లీ రావడానికి నాలుగేళ్లు పట్టింది.

గెజెట్‌లో ప్రకటించగానే కంపెనీ అభ్యంతరం వేసింది. మరుసటి ఏడాది విచారణకు ఓదెలు ఇంజనీరుతో కలకత్తా వచ్చాడు. రికార్డు ఇరుపక్షాలకూ ఇస్తారు. తప్పు నాదేనని నేను రాసిన నోటూ అందులోనే. కంపెనీ వకీలు దాన్ని గట్టిగా చదివాడు, ఒక్కో మాటా తూచినట్టు. నేను వెనక వరుసలో కూర్చుని విన్నాను. అభ్యంతరం కొట్టేశారు. పేటెంట్ పాత తేదీతోనే నిలిచింది.

బయట వరండాలో ఓదెలు నా దగ్గరికి వచ్చాడు. చేతిలో రెండు మట్టి కప్పుల్లో చాయ్.

“ఇప్పుడన్న తాగుతరా సారూ?”

తీసుకుని తాగాను. తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు.

“మీది సుల్తానాబాదేనట గద. మీ ఇంట్ల ఆముదం ఎవలు కాగవెడుతుండె?” అన్నాడు.

“మా అమ్మ” అన్నాను.

అతను తల ఊపి, చాయ్ పూర్తిచేసి, రైలు టైమైందని వెళ్లిపోయాడు.

తర్వాత నేను ఎందరో కొత్త ఎగ్జామినర్లకు శిక్షణ ఇచ్చాను. మొదటి రోజున చెప్పేది ఒకటే. స్పెసిఫికేషన్‌లో మీకు తెలియని వాక్యం ఉంటే భయం లేదు, ఎలాగూ అడుగుతారు. ‘ఇది అందరికీ తెలిసిందే’ అనిపించిన వాక్యం దగ్గర పెన్సిలు కింద పెట్టండి. ఆ పని చేసేవాళ్లను అడిగాకే మళ్లీ చేతిలోకి తీసుకోండి.