వాచీల తాత తీయించిన స్పీడ్ బ్రేకర్

ఊళ్లో అందరికీ ఆయన వాచీల తాత. నలభై ఏళ్లుగా కుడికంటికి అద్దం బిగించి, బియ్యపుగింజలో పావు వంతు లేని స్క్రూలతో కుస్తీ పడుతున్నాడు. ఆ కన్ను దగ్గరివి తప్ప చూడనని ఎప్పుడో మొండికేసింది. ఎడమకన్నూ అంతంతమాత్రమే.

క్వారీ తెరిచాక ఆయన బతుకు అదరడం మొదలైంది. కంకర లారీ కొట్టు ముందున్న స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా బల్ల ఎగిరేది, స్క్రూ ఏ మూలకో పోయేది. తాత నేలమీద పాకుతూ వెతుక్కునేవాడు.

"ఏం తాతా, మళ్లీ పారాడ్డం నేర్చుకుంటున్నావా?" అనేవాడు పక్కకొట్టు మంగలి.

"నవ్వరా నవ్వు. నీ కత్తి ఎవడి గొంతు మీదో ఉన్నప్పుడు అదిరితే తెలుస్తుంది."

మంగలి నవ్వు ఆగింది. బ్రేకర్ తీసేయమని తాత రాసిన అర్జీ మీద మొదటి సంతకం అతనిదే. తర్వాత వీధంతా చేసింది. నెల తిరక్కుండా బ్రేకర్‌ని తవ్వి చదును చేశారు.

ఆ పొద్దున తాత పనితనం చూడాలి! నాలుగు వాచీలు విప్పి బిగించాడు. ఒంటిగంటకు అద్దం తీసి తలెత్తాడు. రోడ్డుకు అటువైపు తమ ఇంటి ముందు భార్య, చేతిలో క్యారేజీ. ఇన్నేళ్లూ ఆవిడ దాటింది లారీ నెమ్మదించినప్పుడే. ఇప్పుడవి నెమ్మదించడం లేదు. కొంగు ఎగిరిపోయేంత దగ్గరగా దూసుకుపోతున్నాయి. ఆవిడ మోకాళ్లకు పరుగు రాదు. పావుగంట నిలబడి, ఎలాగో దాటి వచ్చింది.

"నన్ను సాగనంపడానికే తీయించారా ఏంటి?" అంది. నవ్వుతూనే అంది. క్యారేజీ బల్ల మీద పెట్టి స్టూలు మీద కూలబడింది.

మర్నాడు తాత రోడ్ల ఆఫీసుకు పోయాడు.

"తీయమన్నదీ మీరే, వెయ్యమంటున్నదీ మీరేనా పెద్దాయనా?" ఇంజనీరు ఫైలు తిరగేశాడు. "మీ వీధిలో యాక్సిడెంట్ ఒక్కటీ లేదే."

"బ్రేకర్ ఉంది కాబట్టి లేదు బాబూ."

"రూలు ఒప్పుకోదండీ. ఏదైనా జరగనివ్వండి, వారంలో వేసేస్తాం."

చాలా మర్యాదగా చెప్పాడు. తాత ఆ మాట ఇంట్లో అనలేదు.

"రేపట్నుంచి నేనే వచ్చి తింటాలే" అన్నాడు.

"మీరా? మొన్న కరెంటు స్తంభాన్ని కుశలమడిగిన మనిషి! కదలకండి, నేనే తెస్తా."

ఆవిడ మాటే నెగ్గింది. మర్నాడు ఒంటిగంట కాకముందే తాత వచ్చి రోడ్డు అంచున నిలబడ్డాడు. అటువైపు ప్రహరీ అడ్డం కాబట్టి ఆవిడకు మలుపు కనబడదు. కనబడేది ఇటునుంచే. చెప్పాల్సింది ఆయనే.

మలుపులో దుమ్ము లేచి ఉంది. దుమ్ములో ఏదో పచ్చగా ఉంది. ఆగిన లారీయో, వస్తున్న లారీయో.

"ఏమండీ, రానా?"

"ఆగు."

కళ్లు చిట్లించాడు. పచ్చరంగు అలాగే ఉంది.

"ఇప్పుడు?"

"ఆగవే!"

"మీకు దుమ్ము లేస్తే చాలు, లారీయే" అని విసుక్కుని, ఆవిడ కుచ్చిళ్లు ఎత్తిపట్టి రోడ్డు మీద కాలు పెట్టింది.

పచ్చరంగు కాస్త పెద్దదైనట్టు అనిపించింది తాతకు.